వెనక బంపరు లోపలి నల్లతాడు

తమిళనాడులో ధర్మపురి చుట్టుపక్కల కారుకు దెబ్బ తగిలితే నలబై ఏండ్లు నా పేరే చెప్పేవాళ్ళు. పాపారపట్టి నుంచి కడత్తూరు దాకా నేను ముట్టని బంపరు లేదు. వెనక బంపరైతే మరీ సులువు. కళ్ళు మూసుకొని ఊడదీస్తా. గడియారం చూసుకుంటే పదిహేను నిమిషాలు. ఇంతవరకూ ఒక్క క్లిప్పు విరగ్గొట్టలేదు, ఒక్క వైరు తెంపలేదు, ఏ బండి ముందరా భయపడలేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లోళ్ళు పై నాలుగు మాటలూ ఒక పక్కన పెట్టండి. వాటి సంగతి తర్వాత చూద్దాం.

నేను టింకరు పనివాణ్ణి. నలిగిన రేకును సుత్తితో కొట్టి సరిచేయడం, పగిలిన బంపరు మార్చడం, సందుల్లో లప్పం పూసి నునుపు చేయడం నా పని. మానేసి ఐదేండ్లయింది. ఇంట్లో మేం మాట్లాడేది తెలుగు, గడప దాటితే తమిళం. మాలో తెలుగు చదవడం వచ్చినోళ్ళు చానా తక్కువ. నాకు వచ్చిందంటే చిత్తూరు తట్టు లారీ బాడీలు కట్టే షెడ్డులో రెండేండ్లు ఉండబట్టి. లారీల వెనక రాసిన అక్షరాలు చూసి నేర్చుకున్నా. అందుకే నా రాత కూడా లారీ వెనక రాత మాదిరి పెద్దగా, రంగు రంగుగా ఉంటాది. సర్దుకోండి. చదవను రానోళ్ళకు ఎవరైనా చదివి వినిపించండి.

ఊడదీసే పద్ధతి

ముందు పని చెప్తా.

ఇంట్లో వెనక బంపరు ఊడదీయాలంటే మొదట కావాల్సింది స్పానరు కాదు, ఇంకో మనిషి. బంపరు బరువుండదు, కానీ బండి అంత వెడల్పు. ఒక పక్క లాగితే ఇంకో పక్క వేలాడి మడ్గార్డు రంగును గీకేస్తాది. బండిని మట్టమైన చోట నిలిపి, గేరులో వేసి, చక్రాల కింద రాళ్ళు పెట్టండి. దీనికి జాకీ అక్కర్లేదు. ఊరికే జాకీ మీద లేపి కిందికి దూరిన మొనగాళ్ళను ఇద్దర్ని చూసినాను. అందులో ఒకాయన ఇప్పటికీ ఎడం కాలు ఈడ్చి నడుస్తాడు.

డిక్కీ తెరిచి వెనక లైట్లు రెండూ తీయాలి. పై స్క్రూలు వాటి చాటునే దాక్కోనుంటాయి. తర్వాత రెండు చక్రాల గూళ్ళలో బంపరు అంచును పట్టుకొనుండే స్క్రూలు. ఆ తర్వాత కింది వరస ప్లాస్టిక్ క్లిప్పులు. ప్రతి క్లిప్పుకూ నడిమధ్య ఒక చిన్న పిన్ను ఉంటాది. ముందు దాన్ని పైకి లేపాలి, అది లేస్తేనే క్లిప్పు వదుల్తాది. తొందరపడి పీకితే తల చేతికొస్తాది, మొండెం లోపలే ఉండిపోతాది. చలికాలం పొద్దున్నే ప్లాస్టిక్ గాజు మాదిరి పగుల్తాది. ఎండ తగలనీండి, లేకుంటే వేడినీళ్ళలో ముంచిన గుడ్డ దాని మీద వేసి కాసేపు ఉండండి.

అన్నీ తీసినాక చక్రం పక్కనుంచి మొదలుపెట్టి లాగాలి. వెనక్కి కాదు, పక్కకు. టక్, టక్ అని లోపలి పళ్ళు వదుల్తాయి. ఏదో విరిగిందనుకొని కొత్తవాళ్ళు చెయ్యి వదిలేస్తారు. వదలద్దండి. జానెడు బయటికి వచ్చినాక ఆగండి. లోపల నంబరు ప్లేటు లైటు వైరు, రివర్సు కెమెరా వైరు ఉంటాయి. వాటి జాయింటు విప్పినాకే మిగతా పని.

తీసిన స్క్రూలు ఎక్కడ పెట్టాలనేది నా సొంత పద్ధతి. షెడ్డులో ఉన్నప్పుడు నేల మీద సుద్దముక్కతో బంపరు బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడ పెట్టేవాణ్ణి. ఇంట్లో సుద్దతో పని లేదు. నా ఇంటామె మునెమ్మ తెల్లారితే వాకిట్లో చుక్కల ముగ్గు వేస్తాది. బండి వెనక భాగం ముగ్గు తట్టు వచ్చేటట్టు నిలిపి, ఎడం చక్రం స్క్రూలు ఎడం చుక్కల మీద, కుడివి కుడి చుక్కల మీద, కింది క్లిప్పులు కింది వరస మీద పెడతా. బిగించేటప్పుడు చుక్కలన్నీ ఖాళీ అయితే పని సరిగా అయినట్టు. ఒకసారి మా కోడి ఒక క్లిప్పును మింగేసింది. "కోడిని కోసి తీస్తావా, కొత్తది కొంటావా?" అంది మునెమ్మ. కొత్తది కొన్నా. ఆ కోడి ఇంకో రెండేండ్లు గుడ్లు పెట్టింది.

గొప్పల సంగతి

పదిహేను నిమిషాలన్నది బంపరును లాగే సమయం. స్క్రూలు తీసే గంటన్నర అందులో చేర్చలేదు. విరిగిన క్లిప్పులు మా అటక మీద పాలపిండి డబ్బా నిండా ఉండాయి. వైరు కూడా తెంపినాను. ఒక డాక్టరు గారి బండిది, జాయింటు విప్పకుండా లాగేస్తి. "కెమెరా ముందే పాడై ఉంది సార్" అని చెప్తి. ఆయన నమ్మినాడు. నమ్మే మనిషికి అబద్ధం చెప్పడం ఈ పనిలో చానా సులువు. బండి లోపల ఏముందో వాళ్ళు చూడరు, మనమే చూస్తాం.

కళ్ళు మూసుకుంటా అన్నది మాత్రం నిజం. బంపరు లాగే ఆ ఒక్క క్షణం నాకు కళ్ళు మూసుకుపోతాయి. అది నేర్పు కాదు, భయం. లోపల ఏం కనిపిస్తాదో అని.

ఆ భయం ఎక్కడ పట్టుకుందో చెప్పాలంటే మా మేస్త్రి సంగతి చెప్పాలి.

దెబ్బను చదవడం

నాకు పని నేర్పిన మేస్త్రి తమిళాయన. సుత్తి పట్టడంలో ఆయన్ని మించినోణ్ణి ఈ జిల్లాలో నేను చూడలేదు. ఈ మాటలో గొప్ప ఏమీ కలపలేదు. రేకు వెనక అరచెయ్యి ఆనించి, కళ్ళు పైకెత్తి, చెవితో వింటా కొట్టేవాడు. బండి లోపలికి రాగానే దాని చుట్టూ ఒకసారి తిరిగి, సొంతదారు నోరు తెరవకముందే ఏం జరిగిందో చెప్పేసేవాడు.

ఆయన నేర్పింది ఇది. రాతికి తగిలితే రంగు గీసుకుపోయి, గీతల్లో తెల్ల పొడి ఇరుక్కొని ఉంటాది. ఇనప గేటైతే నిలువు నొక్కు, గేటు రంగు కొంచెం అంటుకొని ఉంటాది. చెట్టైతే బెరడు. ప్రాణం ఉన్నదానికి తగిలితే గీతలుండవు. బంపరు మెత్తగా లోపలికి పోయి మళ్ళీ బయటికి వస్తాది, మూలలో ఒక చీలిక పడతాది, అంతే. ఒకటే గుర్తు. ఆ చోట దుమ్ము ఉండదు. ఎవరో గుడ్డతో తుడిచినట్టు నున్నగా ఉంటాది.

నేను చేరిన నాలుగో ఏడో ఐదో ఏడో, ఒక తెల్ల కారు వచ్చింది. వెనక బంపరు మూలలో చీలిక, దాని పక్కన నున్నగా తుడుచుకుపోయిన చోటు. "గోడకు తగిలింది" అన్నాడు సొంతదారు. మేస్త్రి బండి చుట్టూ తిరిగినాడు. ఆ రోజు ఏమీ చెప్పలేదు. అప్పుడే నాకు అరికాళ్ళు చల్లబడినాయి.

బంపరు లాగింది నేను. చీలిక లోపల బొటనవేలంత ఆకుపచ్చ గుడ్డ ముక్క. ఒక పక్క మడిచి కుట్టిన అంచు ఉంది. చిన్నపిల్లల పావడ అంచు అట్లాగే కుడతారు.

నేను మేస్త్రికి చూపించినా. ఆయన గుడ్డను చూడలేదు, నా మొహం చూసినాడు. "కడుగు" అన్నాడు. ఒక్కటే మాట. నేను బకెట్టు తెచ్చి, కిరసనాయిల్ పోసి, సోపు వేసి, లోపలి ఇనప పట్టీ దాకా కడిగినా. గుడ్డ ముక్క కాలవలో పోయింది. సాయంత్రానికి ఆ కారు కొత్త బంపరుతో పోయింది.

మా ఊర్లో మనిషి పోతే ఫోటో వేసి గోడల మీద పోస్టర్లు అంటిస్తారు, మీకు తెలుసు. ఆ నెలంతా నేను ఆ పోస్టర్లు చదువుకుంటా తిరిగినా. బస్టాండు గోడ, రైలు గేటు, కూరగాయల సంత. చిన్నపిల్ల ఫోటో ఉంటాదేమో అని. ఒక్కటీ కనపడలేదు. కనపడకపోతే గుండె తేలిక కావాలి గదా, కాలేదు. పిల్ల బతికి ఉందేమో, వేరే ఊరి పిల్లేమో, ఆ గుడ్డ ఊరికే రోడ్డు మీద ఎగిరి ఇరుక్కుందేమో. ఇప్పటికీ నాకు తెలీదు. అడగలేదు గనక తెలీదు.

మేస్త్రి చేతి పని నేర్పినాడు, ఆ చేతులకు ఇప్పటికీ దణ్ణం పెడతా. నోరు మూసుకోవడం కూడా నేర్పినాడు. అది నేర్చుకోవడం నా తప్పు.

"ఇంట్లోనే ఊడదీద్దాం మామా"

ఇది మొన్న చలికాలంలో జరిగింది.

శేఖర్ నా అల్లుడు, నా అక్క కొడుకు కూడా. హోసూరులో కంపెనీ పని, కాపురం పాపారపట్టిలో. మా కూతురు సుమతికి ఏడాదిన్నర బిడ్డ. ఒక ఆదివారం పొద్దున్నే, మునెమ్మ అప్పుడే ముగ్గు వేసి లేచింది, శేఖర్ కారు వచ్చి వాకిట్లో నిలిచింది. ఎప్పుడూ హారన్ కొట్టుకుంటా వచ్చేవాడు గమ్మున వచ్చినాడు.

"మామా, వెనక బంపరు చీలింది. కడత్తూరు సంతలో రాతి కంబానికి తగిలింది. నువ్వు కొంచెం చూడు."

"టౌనులో నేను పనిచేసిన షెడ్డు ఉంది గదా, అక్కడికి పోదాం రా. సామాన్లన్నీ ఆడే ఉండాయి."

"షెడ్డు వద్దు మామా. ఇంట్లోనే ఊడదీద్దాం."

పిల్లోళ్ళూ, ఎవరైనా షెడ్డు వద్దు, ఇంట్లోనే అంటే, ఎందుకని అడగండి. షెడ్డులో నలుగురు చూస్తారు. ఇంట్లో ఎవరూ చూడరు. ఇది నేర్చుకోవడానికి నాకు ఇన్నేండ్లు పట్టింది, అయినా ఆ పొద్దు అడగలేదు. అల్లుడు గదా.

వంగి చూసినా. ఎడం మూలలో చీలిక. పక్కన అరచెయ్యంత మేర నున్నగా ఉంది. మిగతా బంపరంతా ఎర్ర దుమ్ము. గీత లేదు, తెల్ల పొడి లేదు. రాయి కాదు. నా అరికాళ్ళు మళ్ళీ చల్లబడినాయి, అన్నేండ్ల తర్వాత, అదే చల్లదనం.

"రాతి కంబమా?" అన్నా.

"అవును మామా." ముగ్గు వైపు చూసుకుంటా చెప్పినాడు.

నేను సంచి తెరిచినా. పట్టు సరిగా లేకుంటే స్క్రూ డ్రైవరు స్క్రూ తలలో నిలవదు, జారి పక్కన గీత పడతాది. మూడు గీతలు పడినాయి. మునెమ్మ వేడినీళ్ళ బకెట్టు తెచ్చి పక్కన పెట్టి, చలికి బిగుసుకున్న ప్లాస్టిక్ మీద తడిగుడ్డ వేసింది. లైట్లు తీసినా. చక్రాల గూళ్ళలోవి తీసినా. ఒక్కొక్కటీ ముగ్గు చుక్కల మీద పెట్టుకుంటా పోయినా. శేఖర్ బండిని ముట్టలేదు. అరుగు మీద కూర్చొని ఫోను తెరుస్తా మూస్తా ఉన్నాడు. కుడి పక్క పట్టుకోవడానికి మునెమ్మే వచ్చింది.

"లాగమంటావా?" అంది.

"లాగు."

టక్. టక్. టక్. నేను కళ్ళు మూసుకున్నా.

వైర్లు విప్పినా. బంపరు పడుకోబెట్టడానికి పాత దుప్పటి తెస్తానని మునెమ్మ లోపలికి పోయింది. అప్పుడు చూసినా. లోపలి ఇనప పట్టీ చివర, చీలిక ఉన్న చోట, ఒక నల్లతాడు వేలాడతా ఉంది. తెగిన తాడు. దానికి ఒక ఇత్తడి గజ్జె. ముడి దగ్గర ఎండిన మరక.

మా తట్టు ఇండ్లలో ఒక వాడుక ఉంది. ఇంట్లో చంటిబిడ్డ ఉన్నప్పుడు ఆవు ఈనితే, ఇద్దరికీ ఒకే పురిలోనుంచి తీసిన నల్లతాడు కడతారు, దిష్టి తగలకుండా. బిడ్డకు మొలకు, దూడకు మెడకు. అదే ముడి, అదే గజ్జె. మా మనవరాలి నడుముకు నేను కట్టింది కూడా ఇట్లాంటిదే. తెగిన తాడు చేతిలో పెట్టుకొని చూస్తే అది మెడ కొలతో, మొల కొలతో చెప్పలేం. ఒక వెంట్రుక అంటుకొని ఉంటే దూడదని తెలిసేది. ఒక్క వెంట్రుక కూడా లేదు.

మునెమ్మ దుప్పటితో బయటికి వచ్చేసరికి తాడు నా పిడికిట్లో ఉంది. ముగ్గు ఒక పక్క చెరిగి ఉండె, శేఖర్ తొక్కినట్టుంది. ఆమె తాడు చూసింది. దుప్పటి కింద వదిలేసింది.

"రేయ్ శేఖరా," అంది. "యాడ తగిలిందిరా?"

వాడు లేచి నిలబడినాడు. "సోగత్తూరు దాటినాక అత్తా. నిన్న పొద్దు గూకేటప్పుడు. సందులోకి తప్పుగా పోయి వెనక్కి తీస్తా ఉంటే ధన్ మని చప్పుడు వచ్చింది."

"దిగి చూసినావా?"

వాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"దిగి చూసినావా అని అడుగుతా ఉండా!"

"లేదత్తా. చీకటి పడతా ఉండె. జనం వస్తారేమో, కొడతారేమో అని..." నా తట్టు తిరిగినాడు. "మామా, కడిగేసి బిగించేద్దాం మామా. ఎవరికీ తెలీదు. నాకు కూడా ఏం తగిలిందో తెలీదు, నిజంగా తెలీదు."

నాకు మేస్త్రి గొంతు వినపడింది. కడుగు.

తాడు ఎవరిది

మోపెడ్ తీసినా. మునెమ్మ వెనక కూర్చుంది. శేఖర్‌ను ఇంట్లోనే ఉండమన్నాం.

మా ఇంటినుంచి ఆ సందు అరగంట దావ. ఆ అరగంటలో నేను విన్నవన్నీ చెప్తే మీరు నవ్వుతారు. ఎక్కడో ఎవరో రేకు కొడితే సావు డప్పు అనుకున్నా. ఒక ఇంటి ముందర నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉంటే సావుకు దింపినారనుకున్నా. చూస్తే ఎవరో అమ్మడానికి పూల దండలు కట్టుకుంటా ఉన్నారు. గోడ మీద కొత్త పోస్టరు కనపడితే బండి నిలిపి చూసినా. నలబై ఏండ్ల కింద చూసుకుంటా తిరిగినట్టే. అది ట్యూషన్ సెంటరుది.

"బండి పోనీయి," అంది మునెమ్మ వెనకనుంచి. నా భుజం మీద ఆమె చెయ్యి బిగుసుకొని ఉంది.

సందు మొగదాలకు వచ్చేసరికి ఏడుపు వినపడింది. ఆడమనిషి ఏడుపు. పెద్దగా కాదు, చానా సేపటినుంచి ఏడ్చి అలిసిపోయిన గొంతు.

ఇక్కడ నేను ముందుకు పోయినా అని రాయాలని ఉంది. మొదటి సారి రాసినప్పుడు అట్లాగే రాసినా కూడా, తర్వాత కొట్టేసినా. నేను పోలేదు. మోపెడ్ స్టాండు వేసినట్టు, సరిగా పడనట్టు, మళ్ళీ వేసినట్టు చేస్తా అక్కడే ఉండిపోతి. మునెమ్మ నా చేతిలోని తాడు తీసుకొని ఒక్కతే లోపలికి నడిచింది. ఆమె చెప్పుల చప్పుడు నిలిచిపోయింది. ఏడుపు కూడా నిలిచిపోయింది. హ్యాండిల్ పట్టుకొని నిలబడినా. నా చేతులు ఇన్నేండ్లలో ఏం కడిగినాయో అన్నీ గుర్తొచ్చినాయి.

"ఇదో! రా!" అని కేకేసింది మునెమ్మ.

పోయినా. పాకలో గోనెసంచి మీద ఎర్ర దూడ పడుకొని ఉంది. వెనక కాలికి వెదురు బద్దలు పెట్టి గుడ్డ చుట్టినారు. పక్కన ఒక ముసలామె. పేరు పచ్చమ్మ, వాళ్ళూ మా మాదిరే ఇంట్లో తెలుగు మాట్లాడే పశువుల కాపరులు. దూడ తల ఆమె ఒళ్ళో ఉంది. ఆమె వెనక, బొట్టు చెదిరిపోయిన ఒక బుడ్డది, ఏడాదిన్నర ఉంటాది, గోడ పట్టుకొని నిలబడి మమ్మల్ని చూస్తా ఉంది. గౌను పైకి లేచి ఉంది. నడుముకు నల్లతాడు. ఇత్తడి గజ్జె.

మునెమ్మ మోకాళ్ళ మీద కూర్చొని ఆ తాడు మీద చెయ్యి పెట్టింది. తెగి లేదు. బిడ్డ గజ్జె ఆడించి నవ్వింది.

"నిన్న పొద్దు గూకేటప్పుడు ఏదో కారు వెనక్కి వచ్చింది అక్కా," అంది పచ్చమ్మ. "కొట్టి, దిగి కూడా చూడకుండా పోయినాడు. ఈ బుడ్డది దూడ మెడ తాడు పట్టుకోనుండె. అది వదిలిపెట్టదు, ఎప్పుడూ పట్టుకొనే తిరుగుతాది. తాడు తెగబట్టి ఇది ఇటు పడింది, దూడ అటు పోయింది." ఆమె దూడ మెడ నిమిరింది. "తెగకపోతే?"

మునెమ్మ తెగిన తాడును ఆమె చేతిలో పెట్టింది.

పచ్చమ్మ తాడును వేళ్ళతో తడిమింది. "ఇదేందక్కా, ఇంత తడిగా ఉంది?"

"మంచు," అన్నా నేను.

ఫోను చేసినా. "శేఖరా, బండి తీసుకొని రా."

"బంపరు లేకుండానా మామా?"

"లేకుండానే రా. వైర్లు టేపుతో చుట్టుకో."

వచ్చినాడు. వెనక లైట్లు లేకుండా, ఇనప పట్టీ బయటికి కనపడతా, పళ్ళు ఊడిన నోరు మాదిరి ఉండె ఆ బండి. సందులోకి ముందుకే వచ్చి, దిగి, చేతులు కట్టుకొని నిలబడినాడు. "నేనే," అన్నాడు. పచ్చమ్మ లేచింది. చెయ్యి ఎత్తింది. వాడు మొహం పక్కకు తిప్పుకోలేదు, అది మాత్రం చెప్పాలి. ఆ చెయ్యి కాసేపు గాలిలో ఉండి, కిందికి వచ్చి, బిడ్డ తల మీద పడింది.

"ఏం చూస్తా నిలబడినావు?" అంది. "దూడను ఎత్తు."

వెనక సీటు మీద గోనెసంచి పరిచి పశువుల ఆస్పత్రికి తీసుకపోయినాం. దూడ తల శేఖర్ ఒళ్ళో, బండి తోలింది నేను. ఇప్పుడు అది నడుస్తాది, కొంచెం కుంటుతాది. శేఖర్ ఆ దావన పోయినప్పుడల్లా దిగి, దానికి ఏదో ఒకటి పెట్టి వస్తాడు. బుడ్డది వాణ్ణి చూస్తే ఇప్పటికీ నానమ్మ చాటుకు పోతాది.

పని నేర్చుకునే పిల్లోళ్ళకు నేను చెప్పేది ఇంతే. దెబ్బ తిన్న బండి వస్తే స్క్రూ ముట్టకముందు ఒక మాట అడగండి: దిగి చూసినావా? లోపల ఏదైనా దొరికితే కడగద్దండి. కడిగితే బండి శుభ్రమవుతాది, మీకు మాత్రం తెలుసుకునే దారి పోతాది. నేను ఒకసారి కడిగినా. రెండోసారి నీళ్ళు ముట్టలేదు.

మునెమ్మకు చదివి వినిపించినాక

ఇక్కడికి ఆపేద్దామనుకున్నా. మునెమ్మకు తెలుగు చదవను రాదు, తమిళమే వచ్చు. అందుకని ఆమె శెనక్కాయలు ఒలుస్తా ఉంటే పక్కన కూర్చొని మొత్తం చదివి వినిపించినా. కోడి దగ్గర నవ్వింది. డాక్టరు కెమెరా దగ్గర "ఓహో, ఆయనకేనా అట్లా చెప్పింది" అంది. ఆకుపచ్చ గుడ్డ దగ్గర ఒలవడం ఆపింది. చివరిదాకా విని, మళ్ళీ శెనక్కాయలు అందుకుంది.

"ఎట్లా ఉంది?" అన్నా.

"నీళ్ళు ముట్టలేదంటివే, ఆ మాట కొట్టెయ్."

"ఏమ్మే?"

"నేను దుప్పటి తెచ్చేసరికి తాడు నీ పిడికిట్లో లేదయ్యా. బకెట్టులో ఉండె. నువ్వు రెండు చేతులూ పెట్టి పిసుకుతా ఉంటివి. నీళ్ళలోనుంచి దాన్ని తీసింది నేను. ముగ్గు చెరిగింది ఆ నీళ్ళు చిందే, పాపం శేఖర్ మీద తోసేస్తివి. పచ్చమ్మ అడిగితే మంచు అంటివి. నేను అక్కడే ఉండా, నోరు మూసుకుంటి."

నేను కాయితాలు మడిచినా.

"ఇంకోటి విను. ఆ సాయంత్రం బకెట్టు పారబోసింది కూడా నేనే. అడుగున ఎర్ర వెంట్రుకలు ఉండె, పొట్టివి, పిడికెడు. దూడవి. తాడు నిండా ఉండుంటాయి. చూసుంటే మనం గడప దాటకముందే బిడ్డ కాదని తెలిసేది. ఆ అరగంట దావలో నేను చచ్చి బతికినా." శెనక్కాయ పొట్టు ఒడిలోనుంచి దులిపింది. "వెంట్రుకలు లేవని రాస్తివే. ఉండె. కళ్ళు మూసుకొని కడిగింది నువ్వు."